పిలుపు, ఎదురు పిలుపు

(చెన్నైలో ఒక తెలుగు సంఘం నెలవారీ సమావేశంలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇందాక నన్ను పరిచయం చేసిన అబ్బాయి నా పేరుకి ముందు 'శ్రీమతి', వెనక 'గారు', మధ్యలో రెండు ఇనిషియల్స్ పెట్టి చదివాడు. అంత బరువైన పేరు నాదేనా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఇంట్లో నన్నెవరూ అలా పిలవరు. ఆఫీసులో కూడా పిలవలేదు. నాకు రెండు ముద్దుపేర్లున్నాయి. ఒకటి పుట్టింట్లోది, అది చెప్పను. రెండోది ఆఫీసులో పెట్టారు. అలాంటిదొకటి ఉందని రిటైరయిన మూడేళ్ళకి గానీ నాకు తెలియలేదు. అది చివర్లో చెబుతాను, టీ రాగానే లేచి వెళ్ళిపోకండి. (నవ్వులు)

బ్యాంకులో 31 ఏళ్ళు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఉత్తర చెన్నైలోనే, పెరంబూరు వైపు. కౌంటర్లో కూర్చున్నదానికి డబ్బు సంగతి ఎంత తెలుస్తుందో, పేర్ల సంగతీ అంతే తెలుస్తుంది. ఇప్పుడు నేను చెప్పేదంతా పుస్తకాల్లో చదివింది కాదు, ఎక్కువ భాగం ఆ అద్దం వెనక నుంచి చూసింది.

ముందు భర్త పేరు సంగతి. డిపాజిట్ వేస్తే నామినీ పేరు రాయాలి కదా. ఒకసారి అరవై దాటిన తమిళావిడ వచ్చింది. చదువు రాదు, వేలిముద్ర. నామినీ ఎవరమ్మా అంటే మా ఇంటాయన అంది. పేరు చెప్పమంటే నవ్వి తల దించుకుంది. వెనక క్యూ పెరుగుతోంది. "సామి పేరే, ఆరు ముఖాలు" అంది నెమ్మదిగా. ఆర్ముగం అని రాసి, సరిగ్గా రాశానా అని గట్టిగా చదివాను. పేరు పలికింది నేనైతే, చెంపలు వేసుకుంది ఆవిడ.

ఇంకో రోజు మన తెలుగావిడే, నెల్లూరు వైపు మనిషి. "కొండ మీద ఉంటాడమ్మా, ఏడు కొండలు" అంది. ఇక నా తిప్పలు చూడండి. వెంకటేశ్వర్లా? కాదు. వెంకటరమణయ్యా? కాదు. శ్రీనివాసులా? కాదు. వెంకయ్యా? కాదు. బాలాజీయా? అంటే మరీ కోపంగా చూసింది, ఆయన వయసేమిటి నువ్వనేదేమిటి అన్నట్టు. ఆ ఒక్క దేవుడికి మనవాళ్ళు పెట్టుకున్న పేర్లన్నీ నేను చదువుతుంటే అన్నిటికీ తల అడ్డంగా ఊపి, తిరుపతయ్య దగ్గర నిలువుగా ఊపింది. అప్పటికి క్యూలో వాళ్ళు కూడా పేర్లు అందిస్తున్నారు.

మన పెళ్ళిళ్ళలో దీనికో వేడుకే ఉంది. కొత్త జంట గృహప్రవేశానికి వస్తే ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడతారు. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు చెబితేనే లోపలికి రానిస్తారు. పెళ్ళికొడుకు టకీమని చెప్పేస్తాడు. పెళ్ళికూతురు సిగ్గుపడుతూ చెబుతుంది, అందరూ నవ్వుతారు, ఫొటో తీస్తారు. ఆ గుమ్మం దాటాక పాత రోజుల్లో ఆ అమ్మాయి మళ్ళీ ఆ పేరు పలికేది కాదు. 'ఏమండీ' తో బతుకు వెళ్ళిపోయేది. తమిళంలో 'ఎన్నంగ' కూడా అచ్చం అదే. రెండు భాషలవాళ్ళు వంద విషయాల్లో కొట్టుకుంటారు గానీ ఇక్కడ మాత్రం ఒకళ్ళని చూసి ఒకళ్ళు రాసినట్టుంటుంది.

భర్త పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందనేవారు. మా అమ్మ నోట మా నాన్న పేరు నేను ఒకే ఒక్కసారి విన్నాను. అర్ధరాత్రి, ఆస్పత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర. పేషెంటు పేరేంటమ్మా అని అతనడిగితే, నేను నోరు తెరిచేలోపే, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, గట్టిగా చెప్పింది. ఆయుష్షు నిలబెట్టడానికే చెప్పాల్సి వచ్చింది ఆ రోజు.

నేను మా ఆయన్ని ఏమని పిలుస్తానని అడుగుతారేమో. 'ఇదిగో' అంటాను. మా ఇంట్లో ఆ మాటకి పలికేది ఆయనొక్కరే కాబట్టి అదే ఆయన పేరైపోయింది. మా మనవడు ఒకసారి డ్రాయింగ్ పుస్తకంలో తాత బొమ్మ వేసి కింద 'ఇదిగో తాత' అని రాశాడు. (నవ్వులు)

సరదాగానే ఉంటుందిది. కానీ అదే కౌంటర్లో మగవాళ్ళు భార్య పేరు ఎంత తేలిగ్గా చెప్పేవారో కూడా చూశాను. పేరేం ఖర్మ, నా ముందే 'ఒసేయ్' అని కేకేసేవాళ్ళు. ఆవిడ తిరిగి పిలవలేదు. ఈ 'తిరిగి పిలవడం' అన్న మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అక్కడికే వస్తాను.

ఇప్పుడు ముద్దుపేర్లు. బుజ్జి, చిన్ని, పండు, చంటి, బాబి, చిట్టి, బుల్లి. మనకిన్ని ఎందుకున్నాయి? ముద్దు ఎక్కువై అనుకుంటాం. నాకైతే అందులో సగం అత్తగార్ల వల్లే వచ్చాయనిపిస్తుంది. పుట్టిన బిడ్డకి నాయనమ్మ పేరో తాత పేరో పెడతాం. బారసాల నాడు బియ్యంలో ఉంగరంతో రాసిన పేరు అదే. మర్నాటి నుంచి ఆ పిల్ల అల్లరి చేస్తే తల్లి ఏమని తిడుతుంది? అత్తగారి పేరు పెట్టి 'ఒసే' అనగలదా? అనలేదు. అందుకని బుజ్జి వచ్చింది. మామగారి పేరు మోస్తున్న పిల్లాడు 'నాన్నా' అయ్యాడు, 'చిన్నా' అయ్యాడు. మాకు తెలిసిన ఒకావిడ మాత్రం ముద్దుపేరు పెట్టడానికి ససేమిరా ఒప్పుకోలేదు. కూతుర్ని పూర్తి పేరుతోనే తిట్టేది, అదీ అత్తగారు హాల్లో ఉన్నప్పుడే.

ముద్దు లేని పేర్లు కూడా ఉన్నాయి. పెంటయ్య, పుల్లయ్య, భిక్షం. పుట్టిన పిల్లలు వరసగా పోతుంటే, ఈసారి బిడ్డని పెంటకుప్ప మీదో ఎంగిలి విస్తట్లోనో ఓ క్షణం పడుకోబెట్టి, పారేసినట్టు చేసి, మళ్ళీ ఎత్తుకుని పెట్టిన పేర్లవి. ఇలాంటి పనికిమాలిన పేరున్నవాడి జోలికి చావు రాదని ఆశ. కొత్తగా చేరిన ఒక కుర్రాడు పాస్‌బుక్ మీద అలాంటి పేరు చూసి కౌంటర్లోనే నవ్వాడు. ఆ పెద్దాయన ఏమీ అనలేదు. నేనే లంచ్‌లో కుర్రాడిని కూర్చోబెట్టి చెప్పాను, ఆ పేరుకి ముందు ఇద్దరో ముగ్గురో అన్నలూ అక్కలూ పోయుంటారు నాయనా అని. అతనప్పుడు తినడం ఆపేశాడు.

తమిళవాళ్ళకి ఇంకో చిక్కు. పాప్పా అని, చిన్నపొణ్ణు అని, పిల్లప్పుడు పిలిచిన పిలుపే రేషన్ కార్డులోకి ఎక్కిపోతుంది. ఎనభై ఏళ్ళ 'పాప' కర్ర పట్టుకుని పెన్షన్‌కి వచ్చేది. ఆధార్‌లో ఒక పేరు, పాస్‌బుక్‌లో ఇంకో పేరు. కేవైసీకి ఆధార్ అడగడం మొదలైన కొత్తలో ఆ ఇద్దరూ ఒక్కరేనని రుజువు చేసుకోవడానికి ఆవిడ ఎన్నిసార్లు తిరిగిందో.

ఇక మన చెన్నై తెలుగువాళ్ళకి అసలు టెన్షన్ ఇనిషియల్‌తో. ఎన్టీఆర్, ఎంజీఆర్ ఇద్దరివీ మూడేసి అక్షరాలే, ఒకేలా ఉంటాయి. విప్పి చూడండి. ఎన్ అంటే నందమూరి, ఇంటిపేరు. టి, ఆర్ రెండూ ఆయన పేరే, తారక రామారావు. ఎం అంటే మరుదూర్. జి అంటే గోపాలన్, తండ్రి. ఆర్ ఒక్కటే ఆయనది, రామచంద్రన్. మనం తాత ముత్తాతల ఇంటిని ముందు పెట్టుకుంటాం, వాళ్ళు నాన్నని పెట్టుకుంటారు. మా అబ్బాయిని స్కూల్లో చేర్చినప్పుడు మా ఇంటిపేరు అక్షరం చూసి టీచరు, మీ ఆయన పేరు దీనితో మొదలవదే అని అడిగి, తప్పు దిద్దుతున్నాననుకుని నాన్న అక్షరం రాసింది. పాపం ఆవిడ మేలుకే చేసింది. పాస్‌పోర్టు నాటికి మా వాడు రెండు ఇనిషియల్స్‌తో ఇద్దరు మనుషులయ్యాడు. అఫిడవిట్, పేపర్లో ప్రకటన, ఆ సంబరమంతా అయింది.

పైగా తమిళ లిపిలో క, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం. టీ నగర్లో ఉండి రెండు భాషల్లోనూ పాడిన ఘంటసాల తమిళంలో 'కండసాలా' అయ్యారు. అన్నట్టు అది ఆయన పేరు కాదు, ఇంటిపేరు. పేరు వెంకటేశ్వరరావు. ఈ ఊళ్ళోనే ఉండిన ఆత్రేయది గోత్రం పేరు. శ్రీశ్రీది ఇంటిపేరు మొదలూ సొంత పేరు మొదలూ కలిపిన పేరు. బాపు అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ అంటే ఇప్పటికీ ఆశ్చర్యపోయేవాళ్ళున్నారు. మైలాపూర్లో పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణాలు వదిలిన ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. అక్కడికి తీసుకెళ్తే మా మనవడు అడిగింది ఒకటే ప్రశ్న: "అంత గొప్పాయన్ని పొట్టి అని వెక్కిరించడం తప్పు కదా అమ్మమ్మా?" ఇంటిపేరురా అని చెప్పాను. నమ్మినట్టు లేడు.

ఊరి పేరు కూడా ఇలాంటిదే. 1639లో ఇంగ్లీషువాళ్ళకి ఇక్కడ చోటిచ్చిన దామెర్ల అన్నదమ్ములు తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీద చెన్నపట్నం అనిపించారని చెబుతారు. తెలుగువాళ్ళే, కానీ పెట్టింది ఇంటిపేరు కాదు, నాన్న పేరు. అప్పటికే అరవ పద్ధతి పట్టుబడిందన్నమాట! మన పెద్దవాళ్ళు ఉత్తరాల్లో చెన్నపురి, చెన్నపట్నం అనే రాసుకున్నారు. 1996లో ప్రభుత్వం మద్రాసుని తీసేసి చెన్నై అన్నప్పుడు మా నాన్న, "ఇప్పటికి వీళ్ళకి మన ముద్దుపేరు తెలిసింది" అన్నారు.

'అరవ' అన్నాను కదా. ఇక్కడ తెలుగువాళ్ళని 'గొల్టి' అంటారు. తెలుగుని వెనక నుంచి చదివితే గులుతె, దాన్నుంచి వచ్చిందంటారు. మనం వాళ్ళని అరవోళ్ళు అంటాం, సాంబార్ అంటాం. నేను క్యాష్‌లో కూర్చున్నప్పుడు పక్క కౌంటర్ తమిళాయన "ఏం గొల్టీ, టాలీ అయిందా" అనేవాడు. "అయింది, నీ సాంబారన్నం లెక్కే తేలలేదు" అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. మా ఇద్దరిదీ ఒకే గ్రేడు, ఒకే జీతం. కానీ మా అబ్బాయి ఐదో తరగతిలో నలభై మంది మధ్య ఒక్కడే తెలుగువాడు. అదే మాటకి వాడు ఇంటికొచ్చి అన్నం తినలేదు. మాట ఒక్కటే. నాకు తిరిగి అనే వీలుంది, వాడికి లేదు. సోడాబుడ్డి, పొట్టోడు, నల్లోడు, బండోడు లాంటివాటిని కూడా నేను ఈ లెక్కతోనే చూస్తాను. "మేం సరదాకే అన్నాం" అనేవాళ్ళని, నిన్నతను ఏమంటాడు అని అడుగుతాను. జవాబు లేకపోతే అది సరదా కాదు.

తెలుగులో 'గారు'కీ 'గాడు'కీ మధ్య ఒక్క అక్షరమే తేడా. స్నేహితుడు 'మా రాంబాబుగాడు' అంటే ప్రాణం లేచొస్తుంది. అదే 'గాడు', తాత వయసున్న పాలేరు మీద పదేళ్ళ దొరబిడ్డ వేస్తే? మా అమ్మమ్మగారి ఊళ్ళో అది నేను కళ్ళారా చూశాను. ఇంకా సిగ్గుపడే సంగతి, అప్పట్లో నాకు అందులో వింతేమీ కనబడలేదు. పిలుపులో కులం ఎంత ఉంటుందో తమిళనాడు మనకన్నా ముందే గట్టిగా మాట్లాడింది. 1929లో చెంగల్పట్టులో పెరియార్ ఆత్మగౌరవ ఉద్యమం మహాసభ జరిగితే, పేరు చివర కులం తోకలు తీసేయాలని తీర్మానించారు. దానికి అధ్యక్షుడు సౌందరపాండియన్. ఆయన పేరు మీదే టీ నగర్లో బజారు వెలిసింది, జనం నోట పాండీ బజార్ అయింది. పాండిచ్చేరి సరుకులు అమ్మేవారేమో అనుకుంటారు చాలామంది. తోక తీసేసిన మనిషికి చివరికి సగం పేరే మిగిలింది చూడండి.

ఈ కాలం పిల్లల సంగతి కొంచెం. మా అమ్మాయి ఓఎంఆర్‌లో, అదే పాత మహాబలిపురం రోడ్డులో, ఐటీ కంపెనీలో చేస్తుంది. అక్కడ సార్, మేడమ్ లేవు, అందరూ పేర్లే. యాభై ఏళ్ళ బాస్‌ని 'రవి' అంటుంది. ఒకసారి ఆయన ఫోన్ చేసి తెలుగులో మాట్లాడాడు, ఆయనా మనవాడే. మా అమ్మాయి ఎటూ తేల్చుకోలేకపోయింది. ఇంగ్లీషులో రవి అనగలిగిన నోరు తెలుగులో 'రవీ, నువ్వు' అనలేదు. 'రవి గారూ, మీరు' అంటే రేపు మీటింగులో మళ్ళీ రవి అనడానికి నోరు రాదు. రెండు నిమిషాలు పేరే రాకుండా వాక్యాలు నడిపి, చివరికి ఇంగ్లీషులోకి దూకేసింది. మనవాళ్ళిద్దరు కలిస్తే ఇంగ్లీషెందుకని తిడతాం కదా, కొన్నిసార్లు అది ఫ్యాషన్ కాదండీ, పిలుపు తెలియని ఇబ్బంది. తమిళంలోనూ రోజువారీ మాటల్లో మన 'గారు' లాంటి తేలికైన ముక్క లేదు. అందుకే ఇక్కడ ప్రతి మగవాడూ సార్, కాకపోతే అణ్ణా. మద్రాసు ఆటో స్టాండుల్లో వినబడే 'నైనా' మన 'నాయనా'నే. తండ్రిని పిలిచే మాటతో ముక్కూ మొహం తెలియనివాణ్ణి పిలుచుకోవడం నాకు భలే నచ్చుతుంది.

ఇప్పుడు ఆ రెండో పేరు సంగతి.

మా బ్రాంచిలో ఒక అటెండర్ ఉండేవాడు. లెడ్జర్లు మోసేవాడు, టీ తెచ్చేవాడు, వాల్ట్ తెరిచేటప్పుడు వెంట ఉండేవాడు. అందరం 'తంబీ' అనేవాళ్ళం. తంబి అంటే తమ్ముడు, మంచి మాటే కదా. నేను ఆ బ్రాంచికి వెళ్ళేసరికే ఆయన పేరు అది. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. ఇరవై రెండేళ్ళ ప్రొబేషనరీ ఆఫీసర్ కూడా తంబీ అనే పిలిచేవాడు. పధ్నాలుగేళ్ళు నేనూ అలాగే పిలిచాను. ఆయన రిటైరయిన రోజు గోడకి బ్యానర్ కట్టారు. పొద్దున్నే వచ్చి చూసి, "ఎవరిది ఫేర్వెల్, రీజనల్ ఆఫీసు నుంచి ఎవరైనా వస్తున్నారా" అని అడిగాను. అడిగింది ఎవరినో తెలుసా? ఆయన్నే. నిచ్చెన మీద నిలబడి తన బ్యానర్ తనే కట్టుకుంటున్నాడు. "నాదే మేడమ్" అన్నాడు.

ఆ సాయంత్రం దండలు వేశాం, పొగిడాం. నాకు ఒక్క ముక్క మాట్లాడబుద్ధి కాలేదు.

నేను రిటైరయిన మూడేళ్ళకి పెరంబూరు స్టేషన్ బయట కనబడ్డాడు. బ్యానర్ మీద చదివిన పేరు మర్చిపోలేదు. ఆ పేరుతో, చివర 'సార్' పెట్టి గట్టిగా పిలిచాను. వెనక్కి తిరిగి, ఇంకెవరినో పిలుస్తున్నాననుకుని తన వెనక చూశాడు. ఆయన పేరు ఇక్కడ మీకు చెప్పను, అడిగి రాలేదు. టీ తాగుతూ ఎలాగోలా మనసులో మాట చెప్పాను, ఇన్నేళ్ళూ పేరు కూడా తెలుసుకోలేదు, తప్పయిందని. ఆయన నవ్వాడు. "దానికేం మేడమ్, మేం అటెండర్లం కూడా మీ అందరికీ పేర్లు పెట్టుకున్నాం" అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. మేనేజర్లు ఐదుగురి పేర్లు చెప్పాడు. అవి ఈ వేదిక మీద చెప్పేవి కావు, కానీ ఒక్కొక్కటీ ఎంత సరిగ్గా అతికిందంటే టీ పొలమారింది. మరి నా పేరు? చాలాసేపు చెప్పలేదు. ఇంకో టీ చెప్పాను. అప్పుడు గ్లాసు వైపు చూస్తూ, "సిల్లరై" అన్నాడు.

చిల్లర. కౌంటర్లోకి ఎవరొచ్చినా నేను ముందు అడిగేది అదే కదా, చిల్లరుందా, చిల్లరుందా అని. అందుకే పెట్టామన్నాడు. అయితే ఆ మాటకి తమిళంలోనూ మన తెలుగులోనూ ఇంకో అర్థం కూడా ఉంది. మీకందరికీ తెలుసు.

అడగలేదు. టీ డబ్బులు నేనిస్తానని పర్సు తీస్తే ఐదు వందల నోటు తప్ప ఏమీ లేదు. ఆయనే ఇచ్చాడు.